తేటగా ఉన్నప్పుడు రాసుకున్న మాట



ఇంట్లో ఎవరికైనా టైఫాయిడ్ వస్తే ఏం చెయ్యాలో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. జావ కాస్తాం, మందుల వేళలు రాసి పెట్టుకుంటాం. పక్కింటావిడ వచ్చి పలకరిస్తుంది, బంధువులు బత్తాయిలు పట్టుకొస్తారు. అదే ఇంట్లో పెద్దకొడుకు మూడు రాత్రులుగా కన్ను మూయకుండా, తెల్లవారుజామున నాలుగింటికి ఊళ్ళోవాళ్ళకు ఫోన్లు చేస్తూ, రేపు మొదలుపెట్టబోయే కోట్ల వ్యాపారం గురించి ఆగకుండా మాట్లాడుతుంటే మాత్రం వీధి తలుపు వేసేస్తాం. ఎవరైనా ఫోన్ చేస్తే "అంతా బాగానే ఉన్నాం" అంటాం. నలుగురి సాయం ఎక్కువగా కావలసిన ఆ మొదటి వారంలోనే ఆ ఇల్లు ఒంటరిదైపోతుంది.

ఈ జబ్బును బైపోలార్ డిజార్డర్ అంటారు. మానసిక వైద్య విభాగంలో సోషల్ వర్కర్‌గా నేను ఎక్కువగా మాట్లాడింది వార్డు బయట బల్లల మీద కూర్చునే తల్లులతో, భార్యాభర్తలతో, అన్నదమ్ములతో. మందుల సంగతి డాక్టరు గారు చెప్పేశాక వాళ్ళందరూ నన్ను అడిగేది ఒకటే: "ఇంటికి తీసుకెళ్ళాక మేమేం చెయ్యాలమ్మా?" ఇవాళ ఆ ప్రశ్నకే నాకు తెలిసినంత జవాబు చెబుతాను.

ముందు జబ్బు గురించి క్లుప్తంగా. ఉత్సాహం, దిగులు అందరికీ వచ్చిపోయేవే. బైపోలార్‌లో అవి వచ్చి తిష్ట వేస్తాయి. ఉత్సాహం హద్దు దాటి, నిద్ర అక్కర్లేదనిపించి, మాట, ఖర్చు, కోపం, ధైర్యం అన్నీ కట్టలు తెంచుకుని కనీసం వారం రోజులు నిలిస్తే దాన్ని మేనియా అంటారు. ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రంగా ఉంటే వారం నిండేదాకా చూడరు. అంత ఉద్ధృతి లేకుండా కనీసం నాలుగు రోజులు సాగితే హైపోమేనియా. దిగులు కనీసం రెండు వారాలు ఉండి, తిండి, నిద్ర, పని, ఆశ అన్నిటినీ పట్టుకుంటే డిప్రెషన్. ఒకే మనిషికి ఈ దశలు వేర్వేరు కాలాల్లో వస్తాయి. మధ్యలో నెలలు, ఏళ్ళు మామూలుగా గడుస్తాయి. ఆ మామూలు కాలం సంగతి గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయే ముఖ్యమైన మాట దాని మీదే ఆధారపడి ఉంది.

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015–16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, సర్వే నాటికి ఈ జబ్బుతో ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళలో వెయ్యికి ముగ్గురు. వాళ్ళలో నూటికి 70 మందికి చికిత్స అందడం లేదని అదే సర్వే తేల్చింది. అంటే చాలామంది విషయంలో చూసుకునేవాళ్ళు ఇంటివాళ్ళు మాత్రమే. ఇది సాధారణంగా ఇరవైల్లో, దానికి కాస్త ముందో వెనకో మొదలవుతుంది. చదువు పూర్తయ్యే వేళ, కొత్త ఉద్యోగం, కొత్త కాపురం వేళ. అందుకే మొదటిసారి వచ్చినప్పుడు దాన్ని జబ్బని ఎవరూ అనుకోరు. "కుర్రాడు హుషారుగా ఉన్నాడు" అంటారు, తర్వాత "పొగరెక్కింది" అంటారు, ఆ తర్వాత "గాలి సోకింది" అంటారు. చివరికి ఎవరో ఒక పెద్దమనిషి "పెళ్ళి చెయ్యండి, కుదురుకుంటాడు" అని సలహా ఇస్తాడు.

గాలి సోకిందనుకుని దర్గాకో గుడికో తీసుకెళ్ళిన కుటుంబాలను నేను ఎప్పుడూ తప్పుపట్టను. ఆ మెట్ల మీద వాళ్ళకు కాస్త ఊరట దొరుకుతుంది. కానీ చికిత్స ఆపి అక్కడే వదిలేస్తే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దేశమంతా చూసింది. దర్గా దగ్గరి షెడ్డులో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మంటల్లో చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనిషిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని నిషేధించింది. మొక్కు తీర్చుకోండి. మందు మాత్రం ఆపకండి.

ఇప్పుడు ఇంటి సంగతికి వద్దాం. మేనియా మొదలవుతోందని చెప్పే మొదటి గుర్తు చాలామందిలో నిద్ర. నిద్ర పట్టకపోవడం వేరు, నిద్ర అక్కర్లేదనిపించడం వేరు. మామూలుగా ఏడు గంటలు పడుకునే మనిషి మూడు గంటలకే లేచి, అలుపన్నది లేకుండా ఇల్లంతా సర్దుతూ, పాత స్నేహితుల నంబర్లు వెతుకుతూ ఉంటే లెక్క మొదలుపెట్టండి. నిద్ర తగ్గడం జబ్బుకు గుర్తే కాదు, దాన్ని ఎగదోస్తుంది కూడా. పెళ్ళింట్లో వరుసగా రెండు రాత్రులు మేలుకోవడం, శివరాత్రి జాగారం, నైట్ షిఫ్టులు, పరీక్షల ముందు రాత్రంతా చదువు, సముద్రాలు దాటే విమాన ప్రయాణం, వీటిలో ఏదైనా నిప్పు రాజెయ్యగలదు. అందుకే బైపోలార్ ఉన్న ఇంట్లో మొదటి కాపలా నిద్రకు. మేనల్లుడి పెళ్ళికి వెళ్ళకూడదని కాదు. ముహూర్తం తెల్లవారుజామునైతే, ముందు రాత్రి త్వరగా పడుకోబెట్టి, అక్షతల వేళకు లేపి తీసుకెళ్ళండి. జాగారం దేవుడికి ఇంట్లో ఇంకొకరు చేస్తారు.

రెండో గుర్తు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. ఒకరు ఎప్పుడూ లేనిది ముదురు రంగుల బట్టలు కొంటారు. ఒకరు తగ్గించిన సిగరెట్లు మళ్ళీ పెంచుతారు. ఒకావిడ వంటింట్లో గట్టిగా పాడటం మొదలుపెడుతుంది. అంతకుముందు వచ్చిన ఎపిసోడ్‌ను ఇంటిల్లిపాదీ కూర్చుని గుర్తుచేసుకుంటే, మొదట వచ్చిన మూడు మార్పులేమిటో దాదాపుగా పట్టుకోవచ్చు. అవే మార్పులు తర్వాతసారి కూడా రావడం మామూలు.

సరే, ఉద్ధృతి వచ్చేసింది. ఇప్పుడు ఇంట్లో జరిగేది వాదన. "నీకు ఒంట్లో బాగోలేదురా" అని తల్లి, "నేనిప్పుడే బాగున్నాను, జబ్బు మీకే" అని కొడుకు. ఈ వాదనలో మీరు గెలవరు. తనకు జబ్బు చేసిందని తనకే తెలియకపోవడం మేనియాలో భాగం. మొండితనం అనుకుని మనం గొంతు పెంచుతాం, అతను ఇంకా పెంచుతాడు. అతని పథకం ఎందుకు జరగదో కారణాలు చూపిస్తే, ఒక్కో కారణానికి పది జవాబులు పుట్టించే వేగం ఆ వేళ ఆ మెదడుకుంది. కనుక పథకం జోలికి వెళ్ళకండి. అతను కూడా కాదనలేని ఒక్క విషయాన్ని పట్టుకోండి. అది కూడా చాలాసార్లు నిద్రే. "నాన్నా, మూడు రోజులైంది నువ్వు పడుకుని. నాకు భయంగా ఉంది. నిద్రకు మందు రాయించుకుందాం. ఇప్పుడే వెళదామా, టిఫిను తిని వెళదామా?" చిన్న మాటలు, తగ్గిన గొంతు, రెండు దారులు. మాట్లాడేది ఒక్కరే ఉండాలి. అయిదుగురు చుట్టూ చేరి నచ్చజెబితే అది అతనికి దాడిలా కనిపిస్తుంది.

ఎవరు మాట్లాడాలన్నది కూడా ఆలోచించాలి. తండ్రి మాటకు తిరగబడే కొడుకు బావమరిది మాట వినొచ్చు. భార్య చెబితే వినని ఆయన, చిన్ననాటి స్నేహితుడు "పదరా, నేనూ వస్తాను" అంటే లేచి చొక్కా వేసుకోవచ్చు. ఇందులో భార్య చిన్నబుచ్చుకోవలసింది లేదు. ఆ వేళకు ఎవరి మాట వింటే వాళ్ళ చేతే చెప్పించాలి.

ఇక్కడ చాలా ఇళ్ళలో రెండు పనులు చేస్తారు. గుడికి వెళదామని కారెక్కించి ఆసుపత్రి ముందు దింపడం ఒకటి. మాత్ర పొడి చేసి పాలల్లోనో సాంబారులోనో కలిపి ఇవ్వడం రెండోది. ఎందుకు చేస్తారో నాకు తెలుసు. దిక్కుతోచక చేస్తారు. కానీ లెక్క చూడండి. ఈ జబ్బు ఒక్కసారితో పోయేది కాదు, మళ్ళీ ఎప్పుడో వస్తుంది. ఈసారి మోసపోయిన మనిషి వచ్చేసారి మీతో పక్క వీధికి కూడా రాడు. పాలల్లో మందు సంగతి తెలిసిన రోజున తల్లి చేతి అన్నం కూడా అనుమానంగానే చూస్తాడు. పైగా ఎంత మందు లోపలికి వెళ్ళిందో ఎవరికీ తెలియదు. కొన్ని మందుల విషయంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆసుపత్రికైతే ఆసుపత్రికనే చెప్పండి. అతను రాకపోతే మీరు ఒక్కరైనా వెళ్ళి డాక్టరుతో మాట్లాడండి, సలహా తీసుకోండి.

ఎక్కడికి వెళ్ళాలి? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లో మొదలైంది. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉందేమో ముందు కనుక్కోండి. పెద్ద సంస్థలంటే హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. సినిమాల్లో ఎర్రగడ్డ పేరు చెప్పి నవ్వించీ నవ్వించీ, అక్కడ అడుగు పెట్టాల్సిన కుటుంబాలకు ఆ గేటును బరువు చేశాం. ఫోన్‌లో సలహాకు టెలీ మానస్ ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది. నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. జబ్బు ఉన్నవాళ్ళే కాదు, ఇంటివాళ్ళూ చెయ్యొచ్చు.

ఎంత చెప్పినా రానంటే, ఈలోగా చెయ్యెత్తుతున్నా, చచ్చిపోతానంటున్నా, తిండీ నీళ్ళూ మాని తనను తాను చూసుకోలేని స్థితికి వచ్చినా, చట్టం ఒక దారి చూపింది. 2017 చట్టంలోని 89వ సెక్షన్ ప్రకారం, నామినేటెడ్ ప్రతినిధి, అంటే జబ్బున్న మనిషి తరఫున మాట్లాడే వ్యక్తి, దరఖాస్తు చేస్తే, ఒక సైకియాట్రిస్టు, మరొక వైద్యుడో మానసిక ఆరోగ్య నిపుణుడో విడివిడిగా పరీక్షించి అవసరమని తేలిస్తే, 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. అప్పటికప్పుడు ప్రాణాపాయం అనిపిస్తే 94వ సెక్షన్ కింద ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల దాకా అత్యవసర చికిత్స ఇవ్వొచ్చు. అంబులెన్సుకు 108, పోలీసు సాయానికి 112. పిల్లలను ముందుగా పక్కింటికి పంపించండి. అతను బయటికి వెళ్ళే దారికి అడ్డంగా నిలబడకండి. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ జబ్బున్నవాళ్ళలో చాలామంది ఎవరి మీదా చెయ్యెత్తరు.

డబ్బు సంగతి వేరుగా చెప్పుకోవాలి. మేనియాలో వారం రోజుల్లో పదేళ్ళ పొదుపు కరిగిపోవచ్చు. ఇదివరకు అంత డబ్బు పోవాలంటే పొలం అమ్మాలి, దానికి రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాలి, సాక్షులు కావాలి, ఎవరో ఒకరు అడ్డుపడేవారు. ఇప్పుడు అర్ధరాత్రి మంచం మీద నుంచే ఫోన్‌లో లోన్ యాప్, షేర్ల ట్రేడింగ్, ఎవరెవరికో యూపీఐ. ఎపిసోడ్ మధ్యలో ఫోన్ లాక్కుంటే గొడవే మిగులుతుంది. ముందే, మామూలు రోజుల్లో అతని సమ్మతితో చెయ్యగలిగినవి ఉన్నాయి. యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించడం, క్రెడిట్ కార్డు పరిమితి తగ్గించడం, పెద్ద మొత్తాలున్న డిపాజిట్లకు ఇద్దరి సంతకాలు పెట్టించడం, పట్టాదారు పాసుపుస్తకం, బంగారం బ్యాంకు లాకర్లో పెట్టడం. అప్పటికే నష్టం జరిగితే ఒక విషయం తెలుసుకోండి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం, మామూలుగా బాగుండి అప్పుడప్పుడు మతి స్థిమితం తప్పే మనిషి, అలా తప్పిన వేళలో ఒప్పందం చేసుకోవడానికి అర్హుడు కాడు. వైద్యుడి కాగితాలు, తేదీలు జాగ్రత్త చేసి లాయరును కలవండి.

మందుల్లో లిథియం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇది భూమిలో దొరికే ఒక లవణం. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే వైద్యుడు మేనియాకు ఇది పనిచేస్తుందని ప్రచురించాడు. డెన్మార్క్‌కు చెందిన మోగెన్స్ షౌ 1954లో పరీక్షలతో దాన్ని గట్టిపరిచాడు. డెబ్భై ఏళ్ళు దాటినా ఇవాళ్టికీ ఇది ముఖ్యమైన మందే. ఈ జబ్బులో ఆత్మహత్య ముప్పును తగ్గిస్తుందని మంచి ఆధారాలున్న మందు కూడా. అయితే చాలేంత మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం తక్కువ. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1 మిల్లీ ఈక్వివలెంట్ దగ్గర ఉంచుతారు. 1.5 దాటితే ప్రమాదం. అందుకే రక్తపరీక్ష. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందు రక్తం ఇవ్వాలి. కిడ్నీలకు, థైరాయిడ్‌కు కూడా పరీక్షలు చేయిస్తుండాలి.

మన ఎండల్లో దీనికి ప్రత్యేకంగా జాగ్రత్త కావాలి. కిడ్నీలు లిథియాన్ని ఉప్పులోని సోడియంలాగే చూస్తాయి. రెంటచింతల, రామగుండం ఎండలకు చెమట పట్టి ఒంట్లో నీళ్ళూ ఉప్పూ తగ్గితే, కిడ్నీ సోడియంతో పాటు లిథియాన్ని కూడా పట్టి ఉంచుతుంది. మోతాదు మారకుండానే రక్తంలో మందు పెరిగిపోతుంది. వాంతులు, విరేచనాలైనా అంతే. కఠిన ఉపవాసమైనా, బీపీ కోసమని ఒక్కసారిగా ఉప్పు మానేసినా అంతే. మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కూడా ఇదే పని చేస్తాయి. బీపీకి వాడే నీటి మాత్రలూ అంతే. చేతులు ఎక్కువగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం, వాంతులు, విరేచనాలు కనిపిస్తే తర్వాతి మాత్ర ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. అయితే బాగున్నానని మనంతట మనం లిథియం మానెయ్యడం కూడా ప్రమాదమే. హఠాత్తుగా మానేస్తే జబ్బు మళ్ళీ ఎగసి వస్తుంది. ఇంకో మాట. దిగులుగా ఉందని చెప్పి, పాత మేనియా సంగతి దాచి, ఒక్క డిప్రెషన్ మాత్రలే రాయించుకుంటే అవి మనిషిని మేనియాలోకి తోసెయ్యవచ్చు. కనుక ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా పాత చీటీలు వెంట ఉండాలి.

ఈ చీటీల దగ్గరే మన ఆడపిల్లల కథ మొదలవుతుంది. అమ్మాయికి డిగ్రీలో ఉండగా ఒక ఎపిసోడ్ వచ్చి మందులతో తగ్గింది. సంబంధం కుదిరింది. అత్తారింటికి తెలియకూడదని మందులు సూట్‌కేసు అడుగున చేరతాయి. తర్వాత మానేస్తారు. కొత్త చోటు, నిద్ర లేని రాత్రులు, ఆ పైన కాన్పు. తొలికాన్పుకు పుట్టింటికి వస్తుంది. డాక్టరు మారతారు. ఫైలు ఒకచోట, మనిషి ఒకచోట. ప్రసవం తర్వాతి వారాలు ఈ జబ్బు తిరగబెట్టడానికి అన్నిటికన్నా అనువైన కాలం. హార్మోన్లు, రాత్రంతా పాలివ్వడం, నిద్ర ముక్కలైపోవడం. అమ్మాయి తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే. దాచిపెట్టిన జబ్బుకు కాపలా ఉండదు. పెళ్ళికి ముందే అబ్బాయికి, అతని తల్లిదండ్రులకు చెప్పండి. విని కూడా ముందుకొచ్చిన ఇల్లే ఆమెకు సురక్షితమైన ఇల్లు. గర్భం అనుకునే ముందే సైకియాట్రిస్టునూ గైనకాలజిస్టునూ కలవాలి. వాల్‌ప్రోయేట్ అనే మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది, ముందుగానే మార్చాలి. కాన్పయ్యాక బిడ్డకు రాత్రి ఒక పూట అమ్మమ్మ పాలు పట్టి, తల్లికి కనీసం అయిదారు గంటలు ఏకధాటిగా నిద్ర దక్కేలా చూడాలి. ఆ ఇంట్లో అది కూడా మందే.

ఉద్ధృతి తగ్గాక వచ్చే రోజులు ఇంటివాళ్ళకు అలసట తీర్చుకునే రోజులుగా కనిపిస్తాయి. ఆ మనిషికి మాత్రం అవి సిగ్గుతో కుమిలే రోజులు. తాను పంపిన మెసేజీలు తానే చదువుకుంటాడు. చేసిన అప్పులు, మేనత్తను అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తుకొస్తాయి. ఆ పైన చాలామంది డిప్రెషన్‌లోకి జారతారు. ఇలాంటప్పుడు "ఆ రోజు నువ్వేమన్నావో తెలుసా" అని మొదలుపెట్టకండి. లెక్కలు తేల్చుకోవలసినవి ఉంటే, డబ్బు లెక్కలు డాక్టరు సరేనన్నాక నింపాదిగా చూసుకోవచ్చు. మాటల లెక్క మాత్రం రాసుకోకండి.

దిగులు దశలో "ధైర్యం తెచ్చుకో", "నీకేం తక్కువ" అనే మాటలు అతనికి మరో నేరారోపణలా వినిపిస్తాయి. పక్కన కూర్చోండి. స్నానానికి నీళ్ళు తోడండి. సాయంత్రం వీధి చివరి దాకా నడకకు పిలవండి, రాకపోతే రేపు మళ్ళీ పిలవండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు. పుట్టదు. అడిగితే చెప్పుకోడానికి ఒక మనిషి దొరుకుతాడు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పొలం ఇళ్ళలో పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేసి, వేరే చోట తాళం వేసి పెట్టండి. మాత్రలు కూడా వారానికి సరిపడానే అందుబాటులో ఉంచి, మిగతావి మీ దగ్గర పెట్టుకోండి.

ఇక్కడ ఇంటివాళ్ళ గురించి ఒక మాట. ఇంట్లో విమర్శ, ఈసడింపు, లేదా ఊపిరాడనివ్వనంత అతి శ్రద్ధ ఎక్కువైతే జబ్బు త్వరగా తిరగబెడుతుందని దశాబ్దాలుగా పరిశోధనలు చెబుతున్నాయి. దాని ఆధారంగానే అమెరికాలో డేవిడ్ మిక్లోవిట్జ్, మైకేల్ గోల్డ్‌స్టీన్ కుటుంబ కేంద్రిత చికిత్సను రూపొందించారు. తొమ్మిది నెలల్లో 21 సార్లు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, జబ్బు గురించి చెప్పి, ఒకరితో ఒకరు మాట్లాడే పద్ధతి నేర్పుతారు. కుటుంబాన్ని చికిత్సలో కలుపుకోవడం మన దేశానికీ కొత్త కాదు. 1950ల్లోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, బంధువులను రోగులతో పాటు ఉంచారు. ఇంటికెళ్ళాక చూసుకోవలసింది వాళ్ళే గనుక వాళ్ళకూ నేర్పాలన్నది ఆయన పద్ధతి. కాబట్టి మీరు అలిసిపోకుండా ఉండటం కూడా చికిత్సలో భాగమే. రాత్రి కాపలాకు వంతులు వేసుకోండి. చుట్టాల్లో ఒకరికి, వీధిలో ఒకరికి సంగతి పూర్తిగా చెప్పి ఉంచండి. మిగతావాళ్ళకు "ఒంట్లో బాగోలేదు, మందులు వాడుతున్నాడు" అంటే చాలు.

ఇక నేను ముందే గుర్తుపెట్టుకోమన్న మామూలు కాలం దగ్గరికి వస్తాను. ఇంటివాళ్ళు చేసే పనుల్లో సగం, కార్డు తీసుకోవడం, ఆసుపత్రికి తీసుకెళ్ళడం, రాత్రి బయటికి వెళ్ళొద్దనడం, ఎపిసోడ్ మధ్యలో చేస్తే పెత్తనంలా కనిపిస్తాయి. నిజానికి పెత్తనమే. ఎదిగిన మనిషి జీవితంలో జొరబడే హక్కు మనకు ఎక్కడిది? అతనే ఇస్తే వస్తుంది. తేటగా ఉన్నప్పుడు, కాఫీ తాగుతూ కూర్చుని, ఒక కాగితం రాసుకోండి. నాకు మొదట కనిపించే మూడు గుర్తులు ఇవి. ఇవి కనిపిస్తే నాతో మాట్లాడవలసింది మా బావ. వెళ్ళవలసిన డాక్టరు ఈయన. నాకు పడని మందు ఇది. నా కార్డులు మా అక్క దగ్గర ఉంచండి, రాత్రి పది తర్వాత ఫోన్ ఆమెకే ఇస్తాను. పిల్లల ముందు నన్ను పట్టుకోవద్దు. ఆఫీసులో చెప్పవలసింది ఫలానా మనిషికి, ఇంత మాత్రమే. ఇవన్నీ అతని మాటల్లోనే ఉండాలి. కింద అతని సంతకం, మీ సంతకం.

చట్టం కూడా దీనికి అండగా ఉంది. 2017 చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం, తన తరఫున మాట్లాడే ఆ నామినేటెడ్ ప్రతినిధిని మనిషి తానే ఎంచుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. భర్తనే ఎంచుకోవాలని లేదు, చెల్లెల్ని ఎంచుకోవచ్చు, స్నేహితుణ్ణి ఎంచుకోవచ్చు. ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే చెప్పుకునే ముందస్తు నిర్దేశానికి 5వ సెక్షన్ హక్కునిస్తుంది. దానికి నిర్ణీత పద్ధతి ఉంది. ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌ను అడగండి.

ఆ కాగితంలో చివరి వాక్యం ఒకటి తప్పకుండా ఉండాలి. చాలా ఇళ్ళు దాన్ని మరిచిపోతాయి. తీసుకున్నవి ఎప్పుడు తిరిగి ఇస్తారు? వరుసగా ఇన్ని రాత్రులు నిద్రపోయాక కార్డు, డాక్టరు సరేనన్నాక బండి తాళం, ఫలానా నెలలో పాసుపుస్తకం. ఆ రోజు రాగానే, అతను అడగకముందే ఇచ్చెయ్యండి. బాగుపడిన మనిషి గట్టిగా నవ్వితే ఒకరి మొహం ఒకరు చూసుకోవడం, కోపగించుకుంటే "మాత్ర వేసుకున్నావా?" అనడం మానుకోండి. బైపోలార్ ఉన్న మనిషికి కూడా కూర చప్పగా ఉంటే విసుగొస్తుంది, టీమ్ గెలిస్తే గంతులెయ్యాలనిపిస్తుంది. ఆ హక్కు తిరిగి దక్కుతుందన్న నమ్మకం ఉంటేనే, మళ్ళీ నిద్ర తగ్గిన రాత్రి అతనే వచ్చి "అక్కా, ఈ కార్డులు నీ దగ్గర పెట్టు" అనగలుగుతాడు.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉండి, ఇప్పుడు బాగుంటే, ఈ ఆదివారమే ఆ కాగితం రాసుకోండి. ఇప్పుడే ఉద్ధృతిలో ఉంటే ముందు డాక్టరు, తర్వాత కాగితం. టెలీ మానస్ నంబరు మరోసారి చెబుతాను, రాసుకోండి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. 14416.